ఇండెంటు పుస్తకంలో మహమ్మారి



ప్రభుత్వాసుపత్రి ల్యాబులో ఒక పొడుగాటి అట్ట పుస్తకం ఉంటుంది. దాన్ని ఇండెంటు పుస్తకం అంటాం. వచ్చే నెలకు ఏమేం కావాలో అందులో రాసి, సంతకం పెట్టి స్టోరుకు పంపుతాం. స్టోరు వాళ్లు ఉన్నంతలో ఇచ్చి, ఎంత ఇచ్చారో పక్కన రాసి పుస్తకం వెనక్కి పంపుతారు. నేను ముప్పై ఏళ్లకు పైగా మైక్రోబయాలజీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నా ఉద్యోగమంతా ఒకచోట చూడాలంటే ఆ పుస్తకాలు తిరగేస్తే చాలు.

2020 ఫిబ్రవరి పేజీలో నా చేతిరాతతో ఒక వరుస ఉంది. ఫిల్టర్ టిప్పులు, 10 పెట్టెలు. అదే పుస్తకంలో జులై పేజీ తీస్తే ఫిల్టర్ టిప్పులు, 600 పెట్టెలు. దాని పక్కన స్టోరు వాళ్ల ఎర్ర సిరా: "90 ఇచ్చాము. మిగతాది స్టాకు లేదు."

కరోనా రోజుల్లో పడకల గురించి విన్నాం, ఆక్సిజన్ గురించి విన్నాం, రెమ్‌డెసివిర్ కోసం జనం రాత్రంతా వరసల్లో నిలబడటం చూశాం. టిప్పులు అయిపోయాయన్న వార్త మాత్రం ఎవరి చెవినా పడలేదు. ఆ పది పెట్టెలు ఆరు వందలు ఎందుకయ్యాయో, మా ఆసుపత్రి డబ్బు ఎటు పోయిందో ఇవాళ మీతో చెప్పుకోవాలని వచ్చాను.

టిప్పు అంటే వేలెడంత ప్లాస్టిక్ గొట్టం. పిపెట్ మొనకు తొడిగి, లెక్క ప్రకారం ద్రవం పీల్చి ఇంకోచోట వదలడానికి వాడతాం. ఒకసారి వాడాక పారెయ్యాల్సిందే. ఒకరి శాంపిల్‌లో మునిగిన టిప్పు ఇంకొకరి శాంపిల్‌కు తగిలితే లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టుతో ఒక మనిషి కోవిడ్ వార్డులోకి వెళతాడు.

ముక్కులోంచి, గొంతులోంచి తీసిన స్వాబ్ ఒక చిన్న గొట్టంలో, వీటీఎం అనే ద్రవంలో మునిగి మా దగ్గరికి వచ్చేది. అందులోంచి వైరస్ ఆర్‌ఎన్‌ఏను వేరు చెయ్యాలి. కణాల్ని చిట్లగొట్టే ద్రవం కలపాలి, ఆల్కహాలు కలపాలి, సన్నటి పొర ఉన్న గొట్టంలోకి మార్చాలి, రెండుసార్లు కడగాలి, చివరికి శుభ్రమైన ఆర్‌ఎన్‌ఏను ఒక్క బొట్టులోకి దించుకుని పీసీఆర్ ప్లేటులో వెయ్యాలి. చేత్తో చేస్తే శాంపిల్‌కి ఆరేడు టిప్పులవుతాయి. ప్లేటులో 96 చిన్న గుంటలు ఉంటాయి, వెల్స్ అంటాం. పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో చెప్పే రెండు కంట్రోళ్లకు పోగా 94 మందికి చోటు. అంటే ప్లేటుకు ఆరు వందల పైచిలుకు టిప్పులు, ఏడు పెట్టెలు. రోజుకు మూడు ప్లేట్లు వేస్తే ఇరవై పెట్టెలు దాటతాయి. నెల తిరిగేసరికి 600.

పిపెట్‌ను నొక్కేది బొటనవేలు. ప్రతి టిప్పుకూ ఒకసారి పీల్చడానికి, ఒకసారి వదలడానికి, ఒకసారి టిప్పును ఊడగొట్టడానికి నొక్కాలి. ప్లేటుకు రెండు వేల నొక్కులు. మా దగ్గర కాంట్రాక్టు మీద చేరిన ఒక అమ్మాయి ఉండేది. ల్యాబు టెక్నీషియన్ కోర్సు (ఎంఎల్‌టీ) చదివి ఏడాది కూడా కాలేదు. పీపీఈ తొడుక్కుని బయోసేఫ్టీ క్యాబినెట్ ముందు కూర్చుంటే నాలుగు గంటలు లేచేది కాదు. మంచినీళ్లు తాగాలంటే ఆ డ్రెస్సు విప్పాలి. విప్పితే మళ్లీ కొత్తది తొడగాలి, దాన్ని ఇంకొకరి వాటాలోంచి తియ్యాలి. అందుకని పొద్దున్నుంచి నీళ్లు తాగడమే తగ్గించేసింది. ఒకరోజు షిఫ్టు అయ్యాక బొటనవేలికి గుడ్డ చుట్టుకుని కనిపించింది. ఏమ్మా అని అడిగాను. "అన్నం కలుపుకోలేకపోతున్నా మేడమ్. వారం నుంచి చెంచాతోనే తింటున్నా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సాయంత్రం ఏడు దాటాక ఐస్ పెట్టెలు వచ్చేవి, పీహెచ్‌సీల నుంచి, ఏరియా ఆసుపత్రుల నుంచి. మూత సరిగ్గా బిగించని గొట్టం ఒక్కటి కారినా చాలు, దాని చుట్టూ ఉన్న గొట్టాల మీద పేర్లన్నీ చెరిగిపోయేవి. ఒకే ఊరి నుంచి నలుగురు లక్ష్ములు వచ్చేవారు. ఎవరి గొట్టం ఎవరిదో ఫోన్లు చేసి, వయసు అడిగి, ఇంటిపేరు అడిగి తేల్చుకోవాలి. ఆపైన ప్రతి ఒక్కరి పేరు, వయసు, ఫోను, చిరునామా, శాంపిల్ ఫారానికి ఇచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ నంబరు, ఫలితం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పోర్టల్‌లో ఎక్కించాలి. టీవీలో ఆరు గంటల్లో రిపోర్టు అని చెప్పేవారు. ప్లేటు ఎక్కాక ఆరు గంటలు నిజమే. ప్లేటు ఎక్కే ముందు పడే ఈ పాట్లకు గంటల లెక్క లేదు. ఆ వివరాలు ఎక్కించే మనుషులకు ల్యాబులో పోస్టులూ లేవు. పీజీ విద్యార్థులు రాత్రి రెండింటి దాకా కూర్చుని ఎక్కించేవాళ్లు. తెల్లారి ఎనిమిదికి మళ్లీ వాళ్లే ప్లేటు ముందు.

ఇలాంటి మహమ్మారి ఎవరూ ఊహించనిది అనడానికి వీల్లేదు. 2009 మే నెలలో మన దేశంలో మొట్టమొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులోనే తేలింది, విదేశం నుంచి వచ్చిన ఒక విమాన ప్రయాణికుడికి. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. అప్పుడు వైరస్‌కు పీసీఆర్ చేయగల ల్యాబులు దేశంలో కొద్దిపాటే. తర్వాత నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ (ఐపీఎం)లోనూ స్వైన్ ఫ్లూ పరీక్షలు జరిగాయి. ఆ భయం తగ్గాక, 2013 ప్రాంతంలో, వైద్య కళాశాలల్లో వైరస్ ల్యాబులు పెట్టే పథకం ఒకటి కేంద్రం మొదలుపెట్టింది. వీఆర్‌డీఎల్ అంటారు. ఒక గది, ఒక పీసీఆర్ మిషను, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు, కొద్దిమంది శాస్త్రవేత్తలు, టెక్నీషియన్లు. ఏడాదంతా డెంగీ, మెదడువాపు లాంటివి చూస్తూ చప్పుడు లేకుండా పనిచేసేవి. ఇన్ని జీతాలిచ్చి ఇంత తక్కువ శాంపిళ్లా అని ఆడిట్ వాళ్లు అడిగిన సందర్భాలు నాకు తెలుసు.

2020 జనవరి 30న కేరళలో తొలి కరోనా కేసు తేలింది. అప్పుడు పరీక్ష అంటే పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థే. నెలన్నర తిరిగేసరికి తిరుపతి స్విమ్స్‌లో, సికింద్రాబాద్ గాంధీలో పరీక్షలు జరుగుతున్నాయి. కాకినాడ, విజయవాడ, అనంతపురం వైద్య కళాశాలలు కూడా ఆ తొలి వరసలోవే. ఎవరూ మహమ్మారి ఊసెత్తని రోజుల్లో పెట్టిన ఖర్చు వల్లనే ఆ ఊళ్లలో అంత తొందరగా ప్లేటు ఎక్కగలిగింది. జూన్ చివరికి దేశంలో ల్యాబులు వెయ్యి దాటాయి. ఆగస్టు 21న ఆర్టీపీసీఆర్, యాంటిజెన్ అన్నీ కలిపి ఒక్కరోజులో పది లక్షల పరీక్షలు. 2021 మే నెలలో రోజుకు ఇరవై లక్షలు. మొదటి మెట్టు ముందే కట్టి ఉంది కాబట్టే మిగతా మెట్లు ఎక్కగలిగాం. నేను ఇవాళ ఇంత సేపు మాట్లాడేది ఆ ఒక్క విషయం మీదే.

టిప్పుల దగ్గరికి వస్తాను. 2020 మే నెలలో శాంపిళ్లు పెరిగినా పాజిటివ్‌లు తక్కువ. అప్పుడు పూలింగ్ ఆదుకుంది. ఐదుగురి శాంపిళ్లు కొంచెం కొంచెం కలిపి ఒకే పరీక్ష చేస్తాం. నెగటివ్ వస్తే ఐదుగురికీ లేనట్టే. పాజిటివ్ వస్తే ఐదుగురికీ విడివిడిగా మళ్లీ చేస్తాం. ఈ ఉపాయం కొత్తది కాదు. 1943లో అమెరికాలో రాబర్ట్ డార్ఫ్‌మన్ సైన్యంలో చేరేవాళ్లకు సిఫిలిస్ పరీక్షల భారం తగ్గించడానికి దీన్ని లెక్కగట్టి చూపించాడు. 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ మనకు అనుమతి ఇచ్చింది. వందలో ఇద్దరి కన్నా తక్కువ మందికి జబ్బు ఉన్న చోట్ల చేసుకోండి, ఐదు కన్నా ఎక్కువ కలపకండి అంది. వంద మందిలో ఇద్దరికి ఉంటే ఇరవై గుంపులు, అందులో మహా అయితే రెండు పాజిటివ్. ఇరవై పరీక్షలు, ఇంకో పది, మొత్తం ముప్పై. డెబ్బై పరీక్షల సామాను మిగిలింది.

జులైలో అల లేచింది. వందలో ఇరవై మందికి జబ్బు ఉందనుకోండి, అప్పుడు ప్రతి మూడు గుంపుల్లో రెండు పాజిటివ్ వస్తాయి. మొదటి ఇరవై పరీక్షలూ, మళ్లీ చేసే అరవై ఏడూ కలిసి ఎనభై ఏడు. మిగిలేది పదమూడు, ఆలస్యం మాత్రం ఒక పూట. సామాను కరువు ముదిరిన రోజునే ఆ ఉపాయం పనికిరాకుండా పోయింది.

90 పెట్టెలతో ఆ నెల ఎలా గడిచిందంటే, చేతుల మీద గడిచింది. పెట్టెల్లో సర్దిన టిప్పులు దొరక్కపోయినా, సంచుల్లో విడిగా పోసిన టిప్పులు అక్కడక్కడా దొరికేవి. పక్క జిల్లా కళాశాల నుంచి కొన్ని, పరిశోధన చేసుకునే వాళ్ల దగ్గర్నుంచి కొన్ని అడిగి తెచ్చాం. రాత్రిపూట అటెండర్లు, పీజీలు, నేను బల్ల చుట్టూ కూర్చుని, గ్లవ్స్ వేసుకుని, పాత పెట్టెల్లో ఒక్కొక్క టిప్పే గుచ్చేవాళ్లం. పెళ్లింట్లో పూలు గుచ్చినట్టు. 96 గుచ్చితే ఒక పెట్టె. తర్వాత ఆటోక్లేవ్‌లో పెట్టి శుద్ధి చేసేవాళ్లం. జూన్ మధ్యలో వచ్చిన ర్యాపిడ్ యాంటిజెన్ కిట్లు మా మీద కొంత బరువు తగ్గించాయి, కానీ లక్షణాలుండి యాంటిజెన్ నెగటివ్ వచ్చినవాళ్లంతా మళ్లీ మా దగ్గరికే వచ్చేవారు.

సీసీఎంబీ వాళ్లు చేసిన పని ఒకటి ఇక్కడ చెప్పాలి. హైదరాబాదులోని ఆ సంస్థ శాస్త్రవేత్తలు స్వాబ్‌ను ద్రవంలో ముంచకుండా పొడిగానే తెచ్చి, ఆర్‌ఎన్‌ఏ వేరుచేసే మెట్టు మొత్తాన్నీ దాటేసే పద్ధతి తయారుచేశారు. కాస్త బఫరులో నానబెట్టి, వేడిచేసి, నేరుగా పీసీఆర్‌కి పెట్టడమే. కారే గొట్టాలు ఉండవు, చెరిగే పేర్లు ఉండవు, టిప్పులు సగానికి పైగా తగ్గుతాయి. 2020 నవంబరులో ఐసీఎంఆర్ దానికి అనుమతి ఇచ్చింది. బొటనవేలికి గుడ్డ చుట్టుకున్న ఆ అమ్మాయికి నేను ఆ వార్త చదివి వినిపించాను.

కరోనా అనగానే అందరూ ఆర్టీపీసీఆర్ గురించే మాట్లాడతారు. ల్యాబు నడుము విరిచింది అదొక్కటే కాదు. మా కింది అంతస్తులో బయోకెమిస్ట్రీ ఉంది. 2021 ఏప్రిల్‌లో ఎయిమ్స్, ఐసీఎంఆర్ ఇచ్చిన చికిత్స సూచనల్లో, ఓ మాదిరి తీవ్రతతో వార్డులో చేరిన రోగికి సీబీసీ, కిడ్నీ, లివర్ పరీక్షలు ఒకటి రెండు రోజులకోసారి, సీఆర్‌పీ, రక్తం గడ్డకట్టే తీరు చూసే డి-డైమర్ రెండు మూడు రోజులకోసారి చెయ్యమని ఉంది. వైద్యపరంగా అది సరైన మాటే. ఇప్పుడు 300 పడకల కోవిడ్ బ్లాకు తీసుకోండి. రెండు రోజులకోసారి అంటే రోజుకు 150 సీబీసీలు, 150 కిడ్నీ, 150 లివర్. మూడు రోజులకోసారి అంటే రోజుకు 100 డి-డైమర్లు. మామూలు రోజుల్లో మా ఆసుపత్రి మొత్తం మీద డి-డైమర్ అడిగే కేసులు వారానికి ఐదారు ఉండేవి.

డి-డైమర్‌కు రక్తం నీలం మూత గొట్టంలో తియ్యాలి. అందులో సోడియం సిట్రేటు ఉంటుంది. ఒక వంతు సిట్రేటుకు తొమ్మిది వంతుల రక్తం, గీత దాకా నింపాలి. తక్కువైతే ఫలితం తప్పుతుంది, గొట్టం తిప్పి పంపాలి. పీపీఈలో చెమటలు కక్కుతూ, మసకబారిన కళ్లద్దాల్లోంచి నరం వెతికి గుచ్చిన నర్సుకు, గీత దాకా రాలేదు మళ్లీ తియ్యండి అని ఫోన్ చెయ్యడం ఎంత కష్టమో చెప్పలేను. ఆ నీలం గొట్టాలే తర్వాత ప్రపంచమంతా కరువయ్యాయి. అమెరికాలో 2021లో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని కొరత జాబితాలో చేర్చింది. అదే ఏడాది ఆగస్టులో బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్, రక్తపు గొట్టాలు లేక, అత్యవసరం కాని రక్త పరీక్షలు కొన్ని వారాలు ఆపమని తన డాక్టర్లకు చెప్పాల్సి వచ్చింది. అంత డబ్బున్న వ్యవస్థకే మూత ఉన్న ఒక ప్లాస్టిక్ గొట్టం దగ్గర పని ఆగిపోయింది.

డబ్బు సంగతికి వస్తే, రెండు వైపుల నుంచి దెబ్బ తగిలింది. కోవిడ్ వార్డు అడిగే పరీక్షల రసాయనాలు, అంటే రియేజెంట్లు, లేవు; ఫ్రిజ్‌లో ఉన్న రియేజెంట్లు అడిగేవాళ్లు లేరు. ఓపీ మూసేశారు. థైరాయిడ్, షుగరు మూడు నెలల పరీక్ష, కొలెస్టరాల్ కిట్లు అరల్లో ఉండగానే గడువు దాటిపోయాయి. గడువు దాటినవి రాసి, కమిటీ సంతకాలు పెట్టించి, పారేశాం. చాలా ఆసుపత్రుల్లో పెద్ద మిషన్లు రియేజెంట్ రెంటల్ మీద ఉంటాయి. మిషను కంపెనీ ఊరికే పెడుతుంది, నెలకు ఇన్ని పరీక్షల రియేజెంట్ కొంటామని మనం రాసిస్తాం. ఓపీ ఆగినా ఆ రాత ఆగదు. ఇంకోవైపు, మామూలు ఆపరేషన్లు వాయిదా పడటంతో ఆరోగ్యశ్రీ కింద ఆసుపత్రికి వచ్చే డబ్బు తగ్గింది. రాష్ట్ర వైద్య కార్పొరేషన్ స్టోరు నుంచి రానివి మేం స్థానికంగా కొనుక్కునేది ఆ డబ్బుతోనే. అవసరం పెరిగిన నెలలోనే సొంత చేతిలో డబ్బు లేకుండా పోయింది.

పైనుంచి డబ్బు రాలేదని నేను అనను. 2020 ఏప్రిల్‌లో కేంద్రం 15,000 కోట్ల కోవిడ్ ప్యాకేజీ ప్రకటించింది. 2021 జులైలో ఇంకో 23,123 కోట్లు. మా వరకూ వచ్చిన వాటాలో కొత్త పీసీఆర్ మిషను వచ్చింది, ఆర్‌ఎన్‌ఏను దానంతటదే వేరుచేసే మిషను వచ్చింది. వాటిని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాం. కానీ ఆ రెండో మిషనుకు దాని కంపెనీ గొట్టాలే పట్టాలి, దాని కంపెనీ టిప్పులే పట్టాలి. వాటికి పద్దు లేదు. మొదట ఇచ్చినవి అయిపోయాక ఐదు వారాలు అది గోడ పక్కన నిలబడి ఉంది. మేం మళ్లీ చేత్తోనే చేశాం.

పీసీఆర్ కిట్ల ధరలు తగ్గడం మంచిదే. 2020 మార్చిలో ప్రైవేటు ల్యాబులు 4,500 రూపాయలు దాటి తీసుకోవద్దని ఐసీఎంఆర్ చెప్పింది. జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 2,200 చేసింది. మన దేశంలోనే కిట్లు తయారయ్యేసరికి తర్వాత వెయ్యి లోపుకు వచ్చింది. పేదవాడికి అది పెద్ద ఊరట. అయితే ప్రభుత్వ ల్యాబులో దాని వెనక ఒక ఖర్చు ఉంది, అది ఏ బిల్లులోనూ కనిపించదు. టెండరు మారిన ప్రతిసారీ కిట్టు మారేది. ఒక కిట్టు వైరస్‌లో 'E' అనే జీన్ చూస్తుంది, ఇంకోటి 'N' అనే జీన్ చూస్తుంది. ఒకదానికి పీసీఆర్ 35 సైకిళ్లు దాటాకే వైరస్ కనిపిస్తే నెగటివ్, ఇంకోదానికి 38. ఒకదానికి ఐదు మైక్రోలీటర్ల ఆర్‌ఎన్‌ఏ, ఇంకోదానికి ఎనిమిది. ఏడాదిన్నరలో మేం ఏడు రకాల కిట్ల మీద పనిచేశాం. కొత్తది వచ్చినప్పుడల్లా పాత పాజిటివ్‌లు, నెగటివ్‌లు పెట్టి సరిచూసుకోవాలి, రాత్రి షిఫ్టు వాళ్లకు మళ్లీ నేర్పాలి, గోడ మీద అంటించిన కాగితం చింపి కొత్తది అంటించాలి. అలా మారిన ఒక రాత్రి, అలవాటు కొద్దీ పాత కొలతతో ప్లేటు వేసేశారు. కంట్రోలు రాలేదు. 94 మంది ఫలితాలు పోయాయి. మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. ఆ 94 మందిలో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న గర్భిణి ఒకామె ఉంది. ఆమెకు రిపోర్టు ఇవ్వడానికి ఇంకో ఏడు గంటలు పట్టింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. ప్లేటు వేసిన టెక్నీషియన్ గారు నా కన్నా అనుభవం ఉన్న మనిషి. అప్పటికి పదకొండు రోజులుగా ఆయనకు సెలవు లేదు.

క్షయ సంగతి చెప్పకుండా ఉండలేను. ట్రూనాట్ అని గోవాలో తయారయ్యే చిన్న మిషను ఉంది. తెమడలో క్షయ ఉందో లేదో గంటలో చెప్పేస్తుంది. 2020 ఏప్రిల్‌లో దాన్ని కరోనాకు కూడా వాడేందుకు అనుమతి వచ్చింది. క్షయకే వాడే సీబీనాట్ మిషన్లూ అంతే. క్షయ ల్యాబు టెక్నీషియన్లు స్వాబ్ కేంద్రాలకు వెళ్లారు. అప్పటికి అది తప్పనిసరే, నేనే సంతకం పెట్టి పంపాను. 2019లో దేశంలో నమోదైన క్షయ రోగులు 24 లక్షల పైచిలుకు. 2020లో 18 లక్షలు. క్షయ తగ్గలేదు, పరీక్ష తగ్గింది. బస్సులు లేక, భయపడి, ల్యాబుకు మనిషి రాలేదు. వచ్చినా మిషను ఖాళీ లేదు. ఆ ఆరు లక్షల తేడాలో ఎంతమంది తెలియకుండానే ఇంట్లో దగ్గుతూ ఉండిపోయారో. 2021 చివర్లో మా దగ్గరికి వచ్చిన తెమడ స్లైడ్లు చూస్తే తెలిసేది. అంత నిండుగా, ఎర్రగా క్రిములున్న స్లైడ్లు నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

రెండో అల వెనకే నల్ల ఫంగస్ వచ్చింది. 2021 మే 20న తెలంగాణ దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల్లో చేర్చింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు వరసలు మీకు గుర్తుండే ఉంటాయి. ఈ జబ్బుకు మొదటి పరీక్ష ఎంత చిన్నదో చెబుతాను. సైనస్‌లోంచి తీసిన కండ ముక్కను గాజు పలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేసి, పైన పల్చటి కవర్ స్లిప్ మూయాలి. కాసేపటికి కండ కరిగి పారదర్శకమవుతుంది. మైక్రోస్కోపు కింద ఫంగస్ ఒక్కటే మిగులుతుంది. మ్యూకర్ అయితే వెడల్పాటి రిబ్బను మెలిపడినట్టు, లోపల అడ్డగోడలు లేకుండా, కొమ్మలు దాదాపు లంబంగా చీలుతూ కనిపిస్తుంది. ఆస్పర్జిల్లస్ అయితే సన్నగా, అడ్డగోడలతో, కొమ్మలు వాలుగా. రెండింటికీ ఇచ్చే మందులు వేరు. మొదటిదానికి కావాల్సిన ఆంఫోటెరిసిన్ ఆ రోజుల్లో బంగారం కన్నా కష్టంగా దొరికేది. మా రిపోర్టు చూశాకే ఇంజెక్షన్లు కేటాయించేవారు.

ఆ పరీక్షకు అయ్యే ఖర్చు కొద్ది రూపాయలు. కావాల్సినదల్లా ఆ తేడా పట్టగల కన్ను. ఏళ్ల తరబడి ఫంగస్ స్లైడ్లు చూస్తే తప్ప ఆ కన్ను రాదు. టెండరు పిలిచి దాన్ని కొనలేం. పల్లెల నుంచి కొత్త డాక్టర్లు, ఇది మ్యూకరేనా మేడమ్ అని ఫోన్లో స్లైడు ఫొటోలు పంపేవారు. ఒక్కో రాత్రి ఇరవై, ముప్పై ఫొటోలు. కొన్నింట్లో ఫంగస్ కాదు, దూది పోగు.

పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా ఆరోగ్యానికి 70,051 కోట్లు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఊరి ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షల సదుపాయాలకు కూడా అందులో వాటా చూపింది. ఎంతో మంచి మాట. నేను అడిగేది అలాంటి డబ్బును ఏ రూపంలో పెడతారని. మిషను పెట్టిన రోజునే దాని ఐదేళ్ల రియేజెంట్లకు, మెయింటెనెన్స్ కాంట్రాక్టుకు, కాలిబ్రేషన్‌కు విడిగా పద్దు రాయాలి. దాన్ని నడిపే మనిషికి మూణ్ణెల్ల ఆర్డరు ఇచ్చి, మూణ్ణెల్లకోసారి గుండెలు చిక్కబట్టుకుని ఎదురుచూసేలా చేయకూడదు. పీసీఆర్ మిషను కరోనా ఒక్కదానికే కాదు. హెపటైటిస్ బి, సి రోగుల రక్తంలో వైరస్ ఎంతుందో అదే చెబుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీని అదే పడుతుంది. డెంగీని మొదటి రోజుల్లోనే చెబుతుంది. మామూలు రోజుల్లో రోజూ నడిచే మిషనే గడ్డు రోజున నడుస్తుంది, దాని ముందు కూర్చునే చెయ్యీ అంతే. మీరు ఏ జిల్లా నుంచి వింటున్నా సరే, మీ ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశానికి వెళ్లే పెద్దలెవరైనా మీకు తెలిస్తే, పెయింటు గురించీ ప్రహరీ గోడ గురించీ అడిగేటప్పుడు ల్యాబు గురించి కూడా ఒక్క ప్రశ్న అడగమనండి.

కిందటి నెల ఏదో పని మీద నా పాత విభాగానికి వెళ్లాను. టీ ఇచ్చారు, కబుర్లు చెప్పారు. చెంచాతో అన్నం తిన్న ఆ అమ్మాయి గురించి అడిగాను. కాంట్రాక్టు పొడిగించలేదట. ఇప్పుడు వేరే ఊళ్లో ఒక మెడికల్ షాపులో కౌంటరు మీద ఉందట. వచ్చేటప్పుడు లోపలి గదిలోకి వెళ్లాను. అప్పటి పీసీఆర్ మిషను అక్కడే ఉంది, మీద పాత ఆకుపచ్చ థియేటర్ గుడ్డ కప్పి. గుడ్డ తీసి మడత పెట్టాను. స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. కాలిబ్రేషన్ గడువు దాటింది, సర్వీసు వాళ్లను పిలవండి అని అక్షరాలు వచ్చాయి. కొత్తగా చేరిన టెక్నీషియన్ తలుపు దగ్గర నిలబడి, "ఇది పనిచేస్తుందా మేడమ్?" అని అడిగాడు. కుర్చీ ఒకటి లాక్కుని, అతన్నీ కూర్చోమని, ప్లేటు ఎలా పెట్టాలో చూపించడం మొదలుపెట్టాను.